దారుణమా, ఘోరమా, ఘర్షణా?



పోయిన భాగంలో డెల్టా కాలువల కింద భూములు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయాయో రాశాను. దాని తరువాయి రాయాల్సింది. కానీ మొన్న సోమవారం క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. అందుకని ఈ వారం కాస్త పక్కదారి. కాలువ గట్టు మీద నడుస్తూ పొలంలోకి దిగడమే అనుకోండి, మళ్లీ గట్టెక్కుతాం.

ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. పోటీ పరీక్షలకి కూడా చదువుతోంది. ఇంగ్లీషు మాటల పట్టిక ఒకటి నోటుబుక్కులో రాసుకుంది. హారిబుల్, టెర్రిబుల్, హారిఫిక్, గ్రూసమ్, గాస్ట్‌లీ, హీనస్, అట్రోషస్. ఏడు మాటలు. ఏడింటి ఎదురుగా తెలుగులో ఒకటే రాసింది: దారుణమైన, దారుణమైన, దారుణమైన... కింద ఏడుసార్లు.

"మేడం, ఇంగ్లీషులో ఇన్ని ఉన్నాయి, మనకి ఒక్కటేనా?" అంది.

నేను తెలుగు లెక్చరర్ని. తెలుగులో డాక్టరేటు ఉంది. పౌరుషం వచ్చింది. బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. దారుణం, ఘోరం, భయంకరం, భయానకం, బీభత్సం, అమానుషం, పాశవికం, పైశాచికం, రాక్షసం, కిరాతకం, ఆటవికం, హేయం, ఘాతుకం, దురాగతం, అకృత్యం. బోర్డు నిండింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చాక్‌పీసు దులుపుకుని వెనక్కి తిరిగి బోర్డు చూసుకున్నాను. చూసుకున్నాక నా పౌరుషం దిగిపోయింది. ఎందుకు దిగిపోయిందో చెప్పడానికే ఇదంతా.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. ఆ అమ్మాయికి పరీక్ష ఉంది కదా, మోసం చేయకూడదు.

హారర్ అన్న మాటకి లాటిన్‌లో మూలార్థం వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. మన "గగుర్పాటు" సరిగ్గా అదే. టెర్రర్‌కి మూలం భయపెట్టడం, వణికించడం. రెండిటికీ తేడా ఉందని 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లీషు నవలాకారిణి వాదించింది. రాబోయేదాన్ని తలుచుకుంటే కలిగేది టెర్రర్, అది మనసుని మేల్కొలుపుతుంది. ఎదురుగా చూసినప్పుడు కలిగేది హారర్, అది గడ్డకట్టిస్తుంది అని ఆమె భావం. మనవాళ్లు ఈ తేడాని అంతకంటే చాలా ముందే పట్టుకున్నారు. నాట్యశాస్త్రంలో భయానకం వేరు, బీభత్సం వేరు. భయానకానికి స్థాయి భయం. బీభత్సానికి స్థాయి జుగుప్స, అంటే రోత. మన పేపర్లలో "తుపాను బీభత్సం" అని ప్రతి ఏడాదీ చదువుతాం. లెక్కప్రకారం తుపాను భయానకం. నీళ్లు తీశాక కాలువల్లో తేలిన కళేబరాలు బీభత్సం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన నాడు బతికి బయటపడ్డవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లు ఈ రెండిటినీ కలపరు. గాలి గురించి చెప్పేటప్పుడు ఒక గొంతు, మర్నాడు పొద్దున్న గురించి చెప్పేటప్పుడు ఇంకో గొంతు.

హారిబుల్, టెర్రిబుల్ రెండూ వాడి వాడి అరిగిపోయాయి. కాఫీ బాగోకపోయినా హారిబులే. టెర్రిఫిక్ అయితే ఏకంగా మెచ్చుకోలుగా మారింది. మన దారుణానికీ అదే గతి పట్టింది. నిన్న స్టాఫ్‌రూములో "బందరు రోడ్డు ట్రాఫిక్ దారుణం" అన్న మాట నేను మూడుసార్లు విన్నాను, అందులో ఒకసారి అన్నది నేనే. హారిఫిక్ ఇంకా అంతగా అరగలేదు, అందుకే నిజంగా ఘోరం జరిగినప్పుడు దాన్ని వాడుతున్నారు. గ్రూసమ్ అనేది శరీరానికి సంబంధించింది: తెగిన చెయ్యి, కాలిన చర్మం. వణికిపోవడం అనే అర్థమున్న పాత స్కాట్లండు మాటలోంచి వచ్చింది. గాస్ట్‌లీలో భయంతో తెల్లబోయిన ముఖం ఉంది, దెయ్యం నీడ ఉంది.

హీనస్ దగ్గర మాత్రం ఆగండి. మన హీనం, హేయంలాగే వినిపిస్తుంది, కానీ చుట్టరికం లేదు. హేయం అంటే విడిచిపెట్టదగినది. హీనస్ పాత ఫ్రెంచిలో ద్వేషం అనే మాటలోంచి పుట్టింది. అంటే ఈ ఏడింటిలో చూసేవాడి భయం గురించి కాకుండా ద్వేషం గురించి మాట్లాడే మాట ఇదొక్కటే. మన చట్టాల్లో కూడా ఉంది. 2015 బాలల న్యాయ చట్టంలో హీనస్ నేరం అంటే కనీస శిక్ష ఏడేళ్లు, అంతకుపైన ఉన్న నేరం. విశేషణాన్ని ఏళ్లతో కొలిచారన్నమాట. నవ్వొచ్చినా, మనకి ముందు ముందు ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇక అట్రోషస్, అట్రాసిటీ. దీని కోసమే నేను రాత్రి రెండు దాకా కూర్చున్నది. లాటిన్‌లో "అట్రాక్స్": క్రూరం, భీకరం. దాన్ని విడగొడితే మొదటి ముక్క "ఆటెర్", అంటే నలుపు. రెండో ముక్క చూపుకి, కంటికి సంబంధించింది. నల్లగా కనిపించేది, నల్లచూపుది. క్రూరత్వానికి రంగు పూసిన మాట అది. ఆ మాటతోనే నల్లటి మనుషులమైన మనకి ఒక రక్షణ చట్టం వచ్చింది. చరిత్రకి ఇలాంటి వెటకారాలు అలవాటే.

ఇప్పుడు నా బోర్డు దగ్గరికి రండి.

కిరాతకం. కిరాతులంటే ఎవరు? కొండల్లో, అడవుల్లో బతికిన జనం. భారతంలో శివుడు అర్జునుడి ముందుకి వచ్చింది కిరాతుడి వేషంలోనే. ఆటవికం అంటే అడవికి చెందినది, అంతే. పైశాచికం అన్నామా, పిశాచాల సంగతి దేవుడెరుగు, పైశాచీ అని ఒక ప్రాకృత భాషే ఉంది. గుణాఢ్యుడి బృహత్కథ అందులో రాశాడనే సంప్రదాయం మన సాహిత్య చరిత్ర క్లాసులో మొదటి నెలలోనే చెప్తాం. ఇంగ్లీషువాళ్లు బార్బేరిక్ అంటారు. గ్రీకులకి పరాయివాళ్ల మాట "బర్‌బర్" అని గొణిగినట్టు వినిపించిందట, అందుకని వాళ్లు బార్బేరియన్లు. మనవాళ్ల "మ్లేచ్ఛ" కూడా స్పష్టంగా పలకలేనివాడనే అర్థంలోంచే వచ్చింది.

అంటే ఏమిటి? ఊళ్లో, నడిబజారులో, కులం ఉన్నవాళ్లు గొడ్డళ్లతో నరికితే, ఆ పనికి పేరు కావాల్సి వచ్చినప్పుడు అడవిలో ఉన్నవాళ్ల పేరు తెచ్చి పెడుతున్నాం. చుండూరులో నరికినవాళ్లలో కిరాతులెవరూ లేరు. అడవి నుంచి వచ్చినవాళ్లెవరూ లేరు. మూడు పంటలు పండే మాగాణి అది.

ఇంకొకటి నేను బోర్డు మీద రాయలేదు. రాయకుండా నా చెయ్యే ఆగింది. చండాలం. "కూర చండాలంగా ఉంది", "చండాలపు సినిమా". మనుధర్మశాస్త్రం ఊరి బయట ఉండమని చెప్పిన మనుషుల పేరు అది. ఒక జాతి పేరుని రోతకి విశేషణం చేసి, వెయ్యేళ్లు వాడి, ఇప్పుడు "అబ్బే, మాకు ఆ అర్థం లేదండీ" అంటారు. నిజమే, చాలామందికి లేదు. మా అమ్మే అంటుంది, పచ్చడి పులిస్తే. "అమ్మా, ఆ మాట మననే" అని ఒకసారి చెప్పాను. చెయ్యి ఆపి నావైపు చూసి, "మరి ఏమనాలే, నువ్వే చెప్పు" అంది. నేను వెంటనే చెప్పలేకపోయాను.

సరే, విశేషణాలు పక్కనపెట్టండి. నామవాచకాలు చూద్దాం. పెద్ద పెద్ద హత్యాకాండలకి మన భాషలో ఉన్న మాటలేమిటి? నరమేధం, మారణహోమం. చచ్చిపోయినవాళ్లు "బలయ్యారు", కాలిపోయినవాళ్లు "మంటలకు ఆహుతయ్యారు". మేధం, హోమం, బలి, ఆహుతి. నాలుగూ యజ్ఞశాలలోవే. ఆహుతి అంటే దేవతకి మంట ద్వారా భక్తితో అర్పించేది.

1968 ఫిబ్రవరిలో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి, ఇత్తడి సామాను దొంగిలించాడని నింద వేసి, కట్టేసి, నిప్పంటించారు. విజయవాడ నుంచి హైదరాబాదు బస్సెక్కితే గంటలోపే కంచికచర్ల. మీలో చాలామంది కిటికీలోంచి చూసే ఉంటారు. "కోటేశు మంటలకు ఆహుతయ్యాడు" అని ఎవరైనా రాస్తే ఆ వాక్యంలో ఎవరున్నారు? కోటేశు ఉన్నాడు, మంటలున్నాయి. అగ్గిపుల్ల గీసినవాడు లేడు. పైగా కోటేశు ఏదో పవిత్రమైన పనికి పనికొచ్చినట్టు ఒక వాసన. అదే ఏడాది డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి కోసం నిలబడ్డ కుటుంబాల్లో 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చారు. అక్కడా ఆహుతే అంటారు. అదే కంచికచర్లలో పుట్టిన కలేకూరి ప్రసాద్ తర్వాత "పిడికెడు ఆత్మగౌరవం కోసం" రాశాడు. కలేకూరి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఎన్నో పుస్తకాలు తెచ్చిన అనువాదకుడు. మాటకి మాట వెతికేవాడి కష్టం తెలిసినవాడు. ఆ కవితని వీలైతే ఇవాళ మళ్లీ చదవండి, ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని: అతను ఎన్ని విశేషణాలు వాడాడు, ఎన్ని ఊళ్ల పేర్లు వాడాడు?

యజ్ఞం వాసన లేని మాట ఒకటుంది: ఊచకోత. అది పొలంలోంచి వచ్చింది. కంకుల్ని వరసగా కోసుకుంటూ పోయే తీరు ఆ మాటలో ఉంది. దాంట్లో కనీసం కొడవలి పట్టిన చెయ్యి ఒకటి ఉందని తెలుస్తుంది. కానీ మా నానమ్మ దగ్గర ఈ మాట తెస్తే ఒప్పుకోదు. జీవితమంతా వరికోతకి వెళ్లిన మనిషి. "కోత మనం కోసేదే అమ్మాయ్, వాళ్లకి కోత చేతనైతే మనల్నెందుకు పిలుత్తారు?" అంటుంది. ఆ వాదనకి నా దగ్గర జవాబు లేదు.

1985 జూలై 17. కారంచేడు. అప్పటి ప్రకాశం జిల్లా, చీరాల దగ్గర. ముందురోజు మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గొడవ. తాగేనీళ్లు పాడుచేస్తున్నారని అడిగినందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు కమ్మ భూస్వాములు, వాళ్ల మనుషులు పల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆడవాళ్ల మీద లైంగిక దాడి చేశారు. బతికినవాళ్లు చీరాలకి నడిచారు, శిబిరం పెట్టుకున్నారు, చాలామంది ఆ ఊరికి మళ్లీ కాపురానికి వెళ్లలేదు. విజయనగర్ కాలనీ అలా పుట్టింది. దళిత మహాసభ అలా పుట్టింది. దాన్ని నడిపినవాళ్లలో కత్తి పద్మారావు పొన్నూరులో సంస్కృతం చెప్పిన లెక్చరర్, బొజ్జా తారకం లాయరూ కవీ. భాష తెలిసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు ఆ శిబిరంలో ఒకచోట కూర్చున్నారు. ఇది చిన్న విషయం కాదు.

దీనికి అప్పటి నుంచి ఇప్పటి దాకా ఎన్ని పేర్లో చూడండి. కారంచేడు సంఘటన. కారంచేడు దుర్ఘటన. కారంచేడు ఘర్షణ. కారంచేడు మారణకాండ. కారంచేడు ఊచకోత. సంఘటన అంటే జరిగింది, అంతే. వాన కురవడం కూడా సంఘటనే. దుర్ఘటన అంటే చెడ్డగా జరిగింది. రైలు పట్టాలు తప్పడం దుర్ఘటన. ఘర్షణ అన్నిటికంటే ప్రమాదం. ఆ మాటకి ధాతువు రాపిడి. రెండు చేతులు రుద్దుకుంటేనే రాపిడి. ఒకవైపు ఆరు శవాలుండి, రెండోవైపు ఒక బిందె ఉంటే దాన్ని ఘర్షణ అని ఎలా అంటాం?

ఇది పుస్తకాల వాదన అనుకోకండి, నాకు తగిలింది కాబట్టి చెప్తున్నాను. నా పరిశోధన దళిత కవిత్వం మీద. 1995లో విజయవాడ నుంచే వచ్చిన "చిక్కనవుతున్న పాట" నాకు ప్రధాన ఆధారం. సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం పేరు "ఊచకోతల తర్వాత" అని పెట్టాను. దాన్ని చదివిన ఒక పెద్దమనిషి, పేరూ ఊరూ అనవసరం, పెన్సిలుతో "ఊచకోతల" కొట్టేసి పైన "సామాజిక ఘర్షణల" అని రాశారు. పక్కన చిన్న అక్షరాల్లో "పరిశోధనకి ఆవేశం పనికిరాదు". ఆయన చెడ్డవాడు కాదు. నా పద్యాల ఛందస్సు తప్పులు ఓపిగ్గా దిద్దినవాడు. ఆయన నిజంగానే ఘర్షణ అనేది తటస్థమైన మాట అనుకున్నారు. నేను డిగ్రీ కావాలి కాబట్టి మార్చాను. ఇవాళ ఆ గ్రంథం లైబ్రరీలో "సామాజిక ఘర్షణల తర్వాత" అనే ఉంది. పదకొండేళ్లయింది. ఆ షెల్ఫు వైపు వెళ్లినప్పుడల్లా నేను పక్క వరసలోకి తిరుగుతాను.

నీరుకొండ 1987. మంగళగిరి దగ్గర. ఇప్పుడది రాజధాని ప్రాంతం, అక్కడ యూనివర్సిటీ ఉంది. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఆ హాస్టల్లో ఉన్నవాళ్లు కూడా ఉండొచ్చు. మీ గేటు బయట ఏ ఊరుందో ఒకసారి పెద్దవాళ్లని అడగండి.

చుండూరు దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. తెనాలి పక్క ఊరు. సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటులో పైకులం మనిషికి తగిలిందన్న దగ్గర మొదలైంది. సాంఘిక బహిష్కరణ పెట్టారు, పనులు ఆపేశారు. 1991 ఆగస్టు 6న పోలీసులు ఉండగానే పల్లెలోంచి పొలాల్లోకి పరిగెత్తిన దళితుల్ని రెడ్డి, తెలగ కులాలవాళ్లు వెంటాడి నరికారు. ఎనిమిది మందిని. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు.

గోనెసంచి. వడ్లు పోసే గోనెసంచి. మా నాన్న చుండూరు శిబిరానికి బియ్యం మోసినవాళ్లలో ఉన్నాడు. నాకప్పుడు మూడేళ్లు. ఆయన తర్వాత చాలా ఏళ్లు గోనెసంచి భుజాన పెట్టుకునేవాడు కాదు, సైకిలు మీద కట్టుకునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన చుండూరు గురించి మాట్లాడేటప్పుడు దారుణం అనడు, ఘోరం అనడు. "చంపి సంచుల్లో పెట్టారమ్మా" అంటాడు. కర్త, కర్మ, క్రియ. కర్త కనిపించకపోయినా క్రియలోనే ఉన్నాడు, "పెట్టారు"లో. తెలుగు క్రియకి ఆ బలం ఉంది. అందుకే దాన్ని తప్పించుకోవాలంటే చాలా కష్టపడాలి: హతులయ్యారు, మృతి చెందారు, అసువులు బాశారు, ప్రాణాలు కోల్పోయారు. చివరిది చూడండి, ప్రాణాలు వాళ్లే ఎక్కడో పోగొట్టుకున్నట్టు.

చుండూరువాళ్లు తమ శవాల్ని ఊరి మధ్యలో పాతిపెట్టారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు. విశేషణం లేదు. రక్తం, నేల. మన డెల్టాలో జనం పెట్టిన పేర్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువుని భయంకర కరువు అని ఎవరూ అనలేదు. డొక్కల కరువు అన్నారు. పక్కటెముకలు లెక్కపెట్టినవాడు పెట్టిన పేరు అది. దాదాపు రెండు వందల ఏళ్లయినా ఆ మాట అరగలేదు.

ఇప్పుడు చట్టం. కారంచేడు నాటికి మనకి ఉన్నది 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టమే, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మారింది. హత్యలకి మామూలు శిక్షాస్మృతే. 1989లో అట్రాసిటీల చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. తెలుగులో దాని పేరు "అత్యాచారాల నిరోధక చట్టం". ఇక్కడే చిక్కు. అతి ఆచారం, ఆచారాన్ని మించిన పని, దౌర్జన్యం అనే పాత అర్థంలో ఆ మాట పెట్టారు. కానీ ఇవాళ తెలుగులో అత్యాచారం అంటే రేప్ ఒక్కటే. కిందటేడు ఒక అవగాహన సదస్సులో ఒక కుర్రాడు లేచి, "మేడం, మా అన్నని కులం పేరుతో తిట్టి చెప్పుతో కొట్టారు, అత్యాచారం చట్టం మగాళ్లకి వర్తిస్తుందా?" అని అడిగాడు. హాల్లో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక మాట అర్థం మారిపోయి ఒక మనిషికి ఒక చట్టాన్ని మూసేసింది. జనం మాత్రం తెలివైనవాళ్లు, "అట్రాసిటీ కేసు" అంటారు. ఆ ఇంగ్లీషు మాటే పల్లెల్లో ఇప్పుడు మన మాట.

ఆ అమ్మాయి పట్టికకి నేనిచ్చే అసలు జవాబు ఆ చట్టంలోనే ఉంది. అట్రాసిటీ అంటే ఎంత క్రూరంగా ఉండాలి, ఎంత గగుర్పొడవాలి అని చట్టం అడగదు. రెండో సెక్షనులో ఒక్క ముక్క చెప్తుంది: మూడో సెక్షను కింద శిక్షించదగిన నేరం అట్రాసిటీ. మూడో సెక్షనులో ఏముంది? తినకూడనిది తినిపించడం. చచ్చిన గొడ్డునో పెంటనో ఇంటి ముందు పడేయడం. బట్టలు విప్పి తిప్పడం. భూమి లాక్కోవడం. వెట్టి చేయించడం. నడిచే దారి మూసేయడం. వాళ్లు వాడుకునే చెరువు నీళ్లు పాడుచేయడం. ఈ చివరిది చదివినప్పుడల్లా నాకు సువార్త బిందె కనిపిస్తుంది. 2015 సవరణతో చెప్పుల దండ వేయడం, సాంఘిక బహిష్కరణ లాంటివి చేరాయి. అన్నీ పనులే. విశేషణాల భారాన్ని చట్టం క్రియల మీద వేసింది.

మరి అమలు? చుండూరు కేసుకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి పోరాటం చేయాల్సి వచ్చింది. 2007 జూలై 31న తీర్పు: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందన్నారు. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఆ నిర్దోషుల తీర్పు వచ్చిన రోజు నేను తెనాలి బస్టాండులో ఉన్నాను. పక్కనున్న ముసలాయన పేపరు మడిచి, "అయితే వాళ్లంతట వాళ్లే సంచుల్లోకి దూరారన్నమాట" అన్నాడు. అంతకంటే మంచి వ్యాఖ్య నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఖైర్లాంజీ సంగతి ఇంకో రకం. 2006 సెప్టెంబరు 29, మహారాష్ట్ర భండారా జిల్లా. ఒక దళిత కుటుంబంలో నలుగుర్ని, తల్లినీ ముగ్గురు పిల్లల్నీ చంపారు. 2010లో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి ఉరిశిక్షల్ని 25 ఏళ్ల జైలుగా మార్చింది. కులద్వేషం కారణం కాదు, పగ కారణం అంది. నేరం ఎంత క్రూరమో ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. విశేషణాలు ఎన్ని కావాలన్నా ఇస్తారు. కులం అనే ఒక్క నామవాచకం దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని భూమి కోసం చంపినప్పుడు కూడా ఇదే చూశాం. అందరూ దారుణం అన్నారు. ముఖ్యమైన మాట కోసం మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చింది.

నిజనిర్ధారణ నివేదికలు చదివే అలవాటు చేసుకోండి. ముఖ్యంగా బాలగోపాల్ రాసినవి. లెక్కల మాస్టారు కదా, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఎవరి పొలంలో, పోలీసులు ఎంత దూరంలో అని చూస్తాడు. ఒక్కోసారి పేజీ తిప్పేదాకా మనకి కోపం రాదు. వచ్చాక తగ్గదు. కార్యకర్తలకి ఇంకో మాట: ఫిర్యాదు రాసేటప్పుడు "అతి దారుణంగా, పాశవికంగా, కిరాతకంగా" అని మూడు లైన్లు నింపకండి. ఆ మూడు లైన్లలో తిట్టిన మాట ఏదో, ఎవరెవరు విన్నారో, చెప్పు ఏ చేతిలో ఉందో రాయండి. కోర్టులో నిలబడేది అదే. అమానుషం అని రాస్తే లాయరు ఎదురు ప్రశ్న అడగడు. ఎడమ చెయ్యి అని రాస్తే అడుగుతాడు, అడగనివ్వండి.

అమానుషం అన్నాను కాబట్టి చిన్న ముక్క. పాత కావ్యాల్లో ఆ మాట మనిషికి మించిన మహిమకి కూడా వాడారు. మనిషికి చెందనిది అంటే దేవుడిదైనా కావచ్చు. నేనైతే కారంచేడుకి ఆ మాట వాడటం మానేశాను. అది మనుషులు చేసిన పని. వాళ్లకి ఇళ్లున్నాయి, పిల్లలున్నారు, ఆ సాయంత్రం వాళ్లింట్లో అన్నం వండారు.

క్లాసుకి తిరిగి వస్తాను. బుధవారం ఆ అమ్మాయి పట్టిక పట్టుకుని మళ్లీ వచ్చింది. గ్రూసమ్‌కి "ఒళ్లు జలదరించే", గాస్ట్‌లీకి "ప్రాణం జల్లుమనే", హీనస్‌కి "పగతో చేసిన" అని రాసుకుంది. చివరిది కొంచెం తప్పు, కొంచెం ఒప్పు. "ద్వేషంతో" అని దిద్దాను. అట్రోషస్ ఎదురుగా దారుణమైన కొట్టేసి ఖాళీ వదిలింది.

"ఇదేంటి, రాయలేదే?"

"మాది పెదకాకాని పక్కన పల్లె మేడం. మా తాతయ్యని అడిగాను, చుండూరు శిబిరానికి వెళ్లాడంట. ఏమంటారు తాతా దీన్ని అంటే, 'అక్కడ ఏం జరిగిందో మొత్తం రాసుకో, మాట తర్వాత ఎతుక్కుందువు' అన్నాడు. రాసుకుంటున్నా. పద్నాలుగు పేజీలైంది."

ఆ పద్నాలుగు పేజీలు ఆమె ఒప్పుకుంటే, వాళ్ల తాతయ్య ఒప్పుకుంటే, పేర్లు లేకుండా ఇక్కడ పెడతాను. వచ్చే వారం మళ్లీ కాలువల కింద భూముల దగ్గరికి.

జై భీమ్.